విప్పిన చెయ్యే చెప్పాలి

ఏ వస్తువునైనా విప్పడానికి ఒక స్క్రూడ్రైవరు చాలు. తిరిగి బిగించడానికి మాత్రం జ్ఞాపకం కావాలి, ఓపిక కావాలి, అన్నిటికంటె ముఖ్యంగా నిజం చెప్పే నోరు కావాలి. మిక్సీ గానీ, గోడ గడియారం గానీ, పొలంలో ఆయిలింజను గానీ, మన ఇండ్లలో ఎవరో ఒకరు "ఇంకా బాగా చేద్దాం" అని విప్పుతారు. బిగించిన తరువాత ఒక స్క్రూ మిగులుతుంది. వస్తువు నడవదు. అప్పుడు ఇల్లంతా అడిగే మొదటి ప్రశ్న, "ఎవరు పాడుచేశారు?" అని. ఆ ప్రశ్న వలన వస్తువు బాగుపడటం మేము ఇంతవరకు చూడలేదు.

మేమిద్దరము అల్లూరులో కాపురముంటున్నాము. మా ముందు గదిలో ఒక పక్క కుట్టుమిషను, మరొక పక్క బాగుచేయడానికి వచ్చిన పంపుసెట్ల సామాను ఉంటాయి. ఇస్కపల్లి వైపు నుండి వచ్చే ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము త్వరగా తుప్పు పడుతుంది గనుక మా ఇంట్లో నూనె డబ్బాకు ఎప్పుడూ పని ఉంటుంది. ఎన్నో యంత్రాలు మా గడప తొక్కాయి గానీ, ఒక పిస్టలు వస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు.

పిస్టలు అనగానే పాఠకులు భయపడనక్కరలేదు. ఇది మందుగుండుతో పేలేది కాదు, గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును కొట్టే ఆట పిస్టలు. గొట్టం లోపలి వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. పోటీలో ఆటగాళ్లు 10 మీటర్ల దూరంలో నిలబడి, ఒక్క చేత్తో పట్టుకొని కాలుస్తారు. పది మార్కులు వచ్చే వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లే, అంటే చొక్కా బొత్తాము అంత. 75 నిమిషాలలో 60 గుండ్లు కాల్చాలి. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో పిస్టలు పోటీలలో ఒక బంగారు పతకము, మూడు వెండి పతకాలు తెచ్చింది. రైఫిలు పోటీలో హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సులో కంచు పతకము గెలిచాడు. కాబట్టి ఈ ఆట తెలుగు ఇండ్లకు కొత్తది కాదు.

అయినా ఇది బొమ్మ కాదు. మన దేశంలో 2016 ఆయుధాల నియమావళి ప్రకారం గుండు వేగపు శక్తి 20 జౌళ్లు దాటినా, గొట్టం 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు కావాలి. పోటీ పిస్టళ్లు ఆ హద్దుకు చాలా లోపలే ఉంటాయి గానీ, కంటికి తగిలితే కన్ను పోతుంది. ఈ మాట పిల్లలున్న ఇండ్లవారు మరువకూడదు.

మా ఇంటి ఆడపడుచు కూతురు డిగ్రీ చదువుతూ ఈ ఆట నేర్చుకుంటున్నది. కొత్త పిస్టలు కొనే శక్తి లేక, ఒక పాత ఆటగాడి దగ్గర వాడిన పిస్టలు కొన్నారు. పక్కనున్న లీవరును ఒకసారి తెరిచి మూస్తే లోపల గాలి బిగుస్తుంది. ఆ గాలితో ఒక్క గుండు పోతుంది. చాలా సాదా యంత్రము. పోటీ ఇంకా పన్నెండు రోజులున్నదనగా ఒక శనివారం సాయంత్రం అన్నాచెల్లెళ్లిద్దరూ పెట్టె పట్టుకొని మా ఇంటికి వచ్చారు. చెల్లెలి కళ్లు ఎర్రగా ఉన్నాయి. అన్న మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఏందమ్మా, ఏమైంది?" అంటే, "అన్న దీన్ని విప్పినాడు మామా. బిగించినాక మూడు రోగాలు వచ్చినాయి" అన్నది.

మొదటిది, లీవరు మూయగానే ట్రిగ్గరు ముట్టకుండానే ఒక్కొక్కసారి పేలిపోతున్నది. రెండవది, ట్రిగ్గరు నొక్కిన తరువాత అప్పుడప్పుడు వెనక్కి రాక అంటుకుపోతున్నది. మూడవది, గుండ్లు గురికి కింద, ఒకదాని కింద ఒకటి నిలువుగా పడుతున్నాయి. ఇవి కాక ఒక చిన్న వాషరు మిగిలింది. దానిని ఆ అమ్మాయి కాగితంలో చుట్టి తెచ్చింది. మిగిలిన వాషరును పారవేయకపోవడం ఎంత మంచి పనో మాకు తరువాత తెలిసింది.

మేము ఏ యంత్రాన్ని చూసినా ముందుగా అడిగేది ఒకటే. "ఇది చివరిసారి బాగా పనిచేసినప్పటి నుండి ఇప్పటివరకు ఏమేమి మారింది?" ఈ ప్రశ్నకు పూర్తి జవాబు దొరికితే సగము బాగుచేసినట్లే.

దీనికి మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 2008 ఆగస్టు 11న బీజింగులో అభినవ్ బింద్రా రైఫిలు పోటీలో ఫైనలుకు వచ్చాడు. ఫైనలుకు ముందు గురి సరిచూసుకోవడానికి కాల్చిన మొదటి గుండు పది దగ్గర కాక నాలుగు అంకె దగ్గర పడింది. అర్హత పోటీకీ ఫైనలుకూ మధ్యలో గురి చూసే భాగము కదిలిపోయి ఉన్నదని ఆయన తన పుస్తకంలో వ్రాశాడు. ఎవరు కదిలించారు అని అరిచేందుకు అది సమయము కాదు. రైఫిలు విప్పేందుకూ సమయము కాదు. కొద్దిసేపటి క్రితం వరకు బాగున్నది, ఇప్పుడు మారినది గురి ఒక్కటే. ఆయన దానినొక్కదానినే తిప్పి సరిచేసుకొని, 700.5 మార్కులతో బంగారు పతకము గెలిచాడు. ఒలింపిక్సులో ఒంటరి పోటీలో భారతదేశానికి వచ్చిన మొదటి బంగారు పతకము అదే.

మా మేనల్లుణ్ణి అదే ప్రశ్న అడిగాము. "ఊరికే శుభ్రం చేశాను మామా, అంతే" అన్నాడు. చెల్లెలు చురుగ్గా చూసింది. వాడు తల వంచుకున్నాడు. ఆ రాత్రికి మేము ఇంకేమీ అడగలేదు. భోజనాలు పెట్టి పడుకోబెట్టాము.

మరునాడు ఆరాధన ముగిసిన తరువాత మధ్యాహ్నం పని మొదలుపెట్టాము. ముందు చిన్నపిల్లలను అవతలికి పంపించాము. ఇసుక నింపిన గోనెసంచిని గోడకు ఆనించి, గొట్టం మూతి ఎప్పుడూ దానివైపే ఉండేటట్లు పెట్టాము. గొట్టంలో గుండు లేదని ఇద్దరము వేరువేరుగా చూశాము. సీసపు గుండ్ల డబ్బా వేరే గదిలో పెట్టాము. సీసం ఒంటికి మంచిది కాదు గనుక, వాటిని ముట్టిన చేతులతో ఏమీ తినకుండా సబ్బుతో కడుక్కోవాలి. ఆ తరువాత బల్ల మీద తెల్లని గుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కను విప్పిన వరుసలోనే ఎడమ నుండి కుడికి పెట్టాము. ఫోనుతో అడుగడుగునా ఫోటో తీశాము. తెల్లగుడ్డ అలవాటు కుట్టుమిషను దగ్గర వచ్చినది. బాబిన్ కేసు చిన్న స్క్రూ మట్టి నేల మీద పడితే వెదకడం ఎంత కష్టమో కుట్టేవారికి తెలుసు.

మూడు రోగాలలో తేలికైనది ముందు చూశాము. ట్రిగ్గరు అంటుకుపోవడానికి కారణము ఆ మిగిలిన వాషరే. అది చెక్క పిడిని బిగించే స్క్రూ తల కింద ఉండవలసినది. అది లేకపోతే స్క్రూ వాషరు మందమంత ఎక్కువగా లోపలికి దిగుతుంది. దిగిన కొస ట్రిగ్గరు కడ్డీకి రాసుకుంటున్నది. కడ్డీ మీద సన్నని మెరుపు గీత కనబడింది. వాషరు వేసి బిగించగానే ట్రిగ్గరు హాయిగా వెనక్కి వచ్చింది. ఒక యంత్రంలో మిగిలిన ముక్క అనేది ఉండదు. దాని చోటు మనకు తెలియలేదు, అంతే.

తరువాత కిందికి పడుతున్న గుండ్ల సంగతి. ఇక్కడ కాగితము మీది రంధ్రాలను చదవడం తెలియాలి. గుండ్లన్నీ ఒకే చోట గుత్తిగా పడి, ఆ గుత్తి మాత్రం పక్కకు జరిగి ఉంటే తప్పు గురి చూసే భాగములో ఉన్నట్లు. నలుదిక్కులా చెదిరితే ఏదో స్క్రూ వదులుగా ఉన్నట్లు, లేదా కాల్చేవారి చెయ్యి కుదరనట్లు. నిలువు గీతలాగా పడుతుంటే గాలి ఒత్తిడి ఒకసారి ఉన్నట్లు ఇంకొకసారి లేదని అనుమానించాలి. వేగము తగ్గిన గుండు గురి చేరేలోగా ఎక్కువగా కిందికి వంగుతుంది. లీవరు మూసి, గొట్టం మొదట్లో సన్నని దూది పోగు పెట్టి చూశాము. పోగు వణికింది. గాలి కారుతున్నది. లోపల చూస్తే ఓరింగు కొత్తగా నల్లగా మెరుస్తున్నది, గానీ గాడిలో వదులుగా ఉన్నది.

"ఇది కుళాయి సామాను కొట్టులోది కదరా?" అని మెల్లగా అడిగాము.

వాడు అవునన్నాడు. పాతది అరిగినట్లు కనబడి మార్చాడట. చూపుకు రెండూ ఒకటే గానీ, రబ్బరు మందములో వెంట్రుకంత తేడా ఉన్నా బిగిసిన గాలి ఊరుకోదు. అదృష్టవశాత్తు పాత ఓరింగు వాడి జేబులోనే ఉన్నది. దానిని తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి వేస్తే దూది పోగు కదలలేదు. ఇంజను నూనె రాయవద్దని మా మేనకోడలికి చెప్పాము. ఏ రబ్బరుకు ఏ నూనె పడుతుందో తయారు చేసినవారి కాగితములో చూడకుండా వేయకూడదు.

ఇక మొదటి రోగము. ప్రమాదకరమైనదీ, కష్టమైనదీ అదే. ట్రిగ్గరు లోపల ఒక చిన్న ఉక్కు కొక్కెము ఉంటుంది. దానిని సియర్ అంటారు. మనము నొక్కేవరకు గాలి తలుపు తెరిచే సుత్తిని అది పట్టి ఆపుతుంది. ఆ పట్టు వెంట్రుకవాసి మీద ఆధారపడి ఉంటుంది. దానిని భూతద్దంతో చూస్తే అంచు మీద సన్నని గీతలున్నాయి. పక్కనున్న స్ప్రింగు ఒక కొస చదునుగా లేదు, కత్తిరించినట్లు వాలుగా ఉన్నది.

మేము ఇద్దరము ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము. కోప్పడటానికి మాటలు నోటి దాకా వచ్చాయి. కానీ ఆ పిల్లవాడు మాట్లాడకపోతే, ఇంకా ఏమి మారిందో మాకు తెలియదు. అందుకే, "నాయనా, నిన్ను ఏమీ అనము. ఏమేమి చేశావో వరుసగా చెప్పు, కాగితం మీద వ్రాసుకుంటాము" అన్నాము.

వాడు చాలాసేపు నేల చూశాడు. తరువాత చెప్పాడు. "ట్రిగ్గరు గట్టిగా ఉంది, వేలు నొప్పి పుడుతుందని చెల్లి ఒకరోజు ఏడ్చింది అత్తా. నేను ఒకచోట చదివి స్ప్రింగు రెండు చుట్లు కోశాను. చాలలేదని కొక్కేన్ని ఆకురాయితో కొంచెం రుద్దాను. చెల్లికి చెప్తే తిడుతుందని చెప్పలేదు."

ఆ అమ్మాయి ఏదో అనబోయి ఆగిపోయింది. తనకోసం చేశాడని అప్పటివరకు ఆమెకు తెలియదు. ఆ గదిలో అన్నాచెల్లెళ్ల మధ్య వారము రోజులుగా లేని మాట ఆ కాగితము దగ్గర మొదలైంది. మేము వ్రాస్తూ పోయాము. స్ప్రింగు రెండు చుట్లు. కొక్కెము అంచు. ఓరింగు. పిడి మీద ఎంసీల్ ముద్ద. ట్రిగ్గరు పక్క స్క్రూ ఒకటిన్నర చుట్టు. మొత్తము అయిదు మార్పులు. ఒకేసారి అయిదు మార్చితే, దేనివల్ల ఏది వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒకటి మార్చి, చూసి, తరువాత రెండవది మార్చాలి. బాగుచేసేటప్పుడు కూడా అంతే.

పోటీ నియమము ప్రకారము పది మీటర్ల పిస్టలు ట్రిగ్గరు కనీసము 500 గ్రాముల బరువు మోయాలి. గొట్టం మూతిని నిట్టనిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గరు మధ్యలో బరువు తగిలించి పైకి ఎత్తుతారు. పేలకుండా బరువు లేస్తే సరి. గాలి పిస్టలును గాలి నింపే పరీక్ష చేయాలి. మా దగ్గర పాత కొట్టు సామానులో అరకిలో తూకపు రాయి ఉన్నది. దానికి తీగ కొక్కెము కట్టి, గుండు లేకుండా పరీక్షించాము. వెంటనే పేలింది. పక్క స్క్రూను మొదట ఉన్న చోటికి తిప్పి మళ్లీ ఎత్తితే రాయి లేచింది. పిల్లలిద్దరి ముఖాలు వెలిగాయి. రెండవసారీ లేచింది. మూడవసారి మళ్లీ పేలింది. లీవరు కొంచెము గట్టిగా మూస్తే ఒకసారి తనంతట తానే పేలింది.

"పోటీ దగ్గర మూడుసార్లు దాకా ఎత్తనిస్తారు మామా. ఒక్కసారి నిలిస్తే చాలు" అన్నది ఆ అమ్మాయి. ఆమె ఆశ మాకు అర్థమైంది. ఏడాది కష్టము, కట్టిన రుసుము, పన్నెండు రోజుల గడువు. కానీ కాల్చిన తరువాత కూడా చీటీ తీసినట్లు కొందరిని పిలిచి ట్రిగ్గరు తూస్తారు. అప్పుడు తప్పితే ఆ పోటీ నుండే తీసివేస్తారు. దానికంటె పెద్ద మాట ఇంకొకటి ఉన్నది. ముట్టకుండా పేలే పిస్టలు పట్టుకొని నీవు నిలబడితే, నీ పక్కన నిలబడిన పిల్ల కూడా ఒక ఇంటి బిడ్డే గదా అన్నాము. ఆమె కాసేపు మౌనంగా ఉండి, పిస్టలును తానే పెట్టెలో పెట్టి మూసివేసింది.

ఉక్కు ముక్కల పైపొరకు గట్టిదనము పెట్టి తయారు చేస్తారు. ఆకురాయితో ఆ పొర పోతే కింది మెత్తని లోహము త్వరగా అరుగుతుంది. మళ్లీ రుద్దితే మరింత చెడుతుంది గానీ బాగుపడదు. కోసిన స్ప్రింగు కూడా పెరగదు. చుట్లు తగ్గిన స్ప్రింగు మొదట్లో వదులుగా ఉండి, నొక్కేకొద్దీ మునుపటికంటె బిర్రుగా మారుతుంది. అంటే వాడు కోరిన మెత్తదనము కూడా దానివలన రాలేదు. ఆ రెండు ముక్కలూ కొత్తవి తెప్పించడము తప్ప వేరే దారి లేదు. అవి పోటీలోపు రాలేదు. ఆ అమ్మాయి నేర్చుకునే చోట ఉన్న వేరొక పిస్టలుతో పోటీకి వెళ్లింది. పిడి తన చేతికి సరిపోలేదు. రోజూ వచ్చే మార్కులకంటె తక్కువ వచ్చాయి. అయినా 60 గుండ్లూ కాల్చి వచ్చింది. వెనుక కుర్చీలో కూర్చొని ప్రతి గుండు మార్కూ పుస్తకములో వ్రాసినవాడు వాళ్లన్న.

ఇంటికి వచ్చి దిగులుగా కూర్చున్న ఆమెకు మేము మను భాకర్ సంగతి గుర్తు చేశాము. 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్సులో, ఇదే పది మీటర్ల పోటీ మధ్యలో ఆమె పిస్టలు మొరాయించింది. బాగుచేయించుకొని వచ్చేసరికి పదిహేను నిమిషాలకు పైగా పోయాయి. మిగిలిన గుండ్లను తక్కువ సమయములో కాల్చి 575 మార్కులు తెచ్చుకున్నది గానీ, పన్నెండవ స్థానములో నిలిచి ఫైనలుకు వెళ్లలేకపోయింది. మూడేళ్ల తరువాత, 2024 జూలై 28న పారిస్‌లో అదే పోటీలో కంచు పతకము గెలిచింది. రెండు రోజులకు సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మరొకటి గెలిచింది. ఒక చెడ్డ రోజు ఆటగాడి జీవితాన్ని తేల్చివేయదు. "నేను మను భాకర్‌ని కాను అత్తా" అన్నది మా పిల్ల. కాకపోయినా ఫరవాలేదు, ఆమె రోజూ మన చెల్లెలు కాదుగదా అని వాళ్లన్న నవ్వించాడు.

కొత్త ముక్కలు కొన్ని వారాలకు వచ్చాయి. వాటిని బిగించినది ఆ పిల్లవాడే. మా తెల్లగుడ్డ అడిగి తీసుకున్నాడు. మేము పక్కన కూర్చొని చూశాము. అరకిలో రాయిని పదిసార్లు ఎత్తాడు, పదిసార్లూ నిలిచింది. వేలు నొప్పి సంగతి చివరకు ట్రిగ్గరులో తేలలేదు. ట్రిగ్గరు బద్దను ముందుకూ వెనక్కూ జరిపే స్క్రూ ఒకటి దానికి ముందే ఉన్నది. ఆ అమ్మాయి వేలు పొట్టిది గనుక బద్దను కొంచెము వెనక్కి జరిపితే నొప్పి పోయింది. అది కోయకుండా, రుద్దకుండా, ఎప్పుడంటే అప్పుడు తిరిగి పాతచోటికి తేగలిగిన మార్పు. అటువంటి మార్పులే ఇంట్లో చేసుకోదగినవి.

మీ ఇంట్లో కుట్టుమిషను కావచ్చు, మందు కొట్టే పంపు కావచ్చు, పిల్లలు విప్పే రేడియో కావచ్చు. విప్పేముందు వ్రాసి పెట్టుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి. తీసిన పాత ముక్కను పారవేయవద్దు. ప్రాణానికి ముప్పు తెచ్చే భాగమైతే, చెడిన ముక్కను సరిచేయాలని చూడక కొత్తది వేయండి, లేదా తెలిసినవారికి అప్పగించండి. ఇవన్నీ చేతికి సంబంధించిన మాటలు. నోటికి సంబంధించినది ఒకటి ఉన్నది. విప్పినవాడిని భయపెట్టవద్దు. వాడు దాచినది బయటికి వచ్చేదాకా ఏ పనిముట్టూ పనిచేయదు. ఆ రోజు మేము నాలుగు మాటలు గట్టిగా అని ఉంటే, కోసిన స్ప్రింగు సంగతి మాకు తెలియడానికి ఇంకెన్ని రోజులు పట్టేదో, ఈలోగా ఆ పిస్టలు ఎవరి వైపు పేలేదో చెప్పలేము.